కాటాకు ముద్ర ఉంది, ఖాతాకేది?

ప్రశ్న: మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో ఆరేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. ఆఫీసులో ఆరు కంప్యూటర్లు, కాటా గదిలో ఒకటి, అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. కాటా గదిలోది పాత విండోస్ 7. తూకం సాఫ్ట్‌వేర్ దాని మీద తప్ప నడవదట. ఏడింటికీ యూజర్ పేరు అడ్మిన్, పాస్‌వర్డు మిల్లు పేరు పక్కన 123. ఖాతాల ఫోల్డర్ నా కంప్యూటర్‌లో ఉంటుంది, పాస్‌వర్డు అడగకుండానే అందరికీ తెరుచుకుంటుంది. హైదరాబాద్‌లో ఉండే యజమాని గారి అబ్బాయి చూసుకోవడానికి నా కంప్యూటర్‌లోనే రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచే ఇక్కడి కంప్యూటర్‌ను తెరిచి వాడుకునే ఏర్పాటు) పెట్టించారు. మూడు వారాలుగా పొద్దున రాగానే నా అకౌంట్ లాక్ అయి ఉంటోంది. ఒక్కోరోజు పది నిమిషాలకు తెరుచుకుంటుంది, ఒక్కోరోజు గంటైనా తెరుచుకోదు. ఈలోగా కొత్తగా కొన్న కంప్యూటర్‌లో ఖాతాల ఫోల్డర్ అసలు రావడం లేదు. మెకానిక్ వచ్చి చూసి, "లాక్ పడే సెట్టింగ్ తీసేస్తాను, కొత్తదాంట్లో సెక్యూరిటీ ఒకటి ఆపేస్తాను, రెండూ సరిపోతాయి" అన్నాడు. యజమాని గారు సరేనన్నారు. నాకే మనసొప్పక రెండు రోజులు ఆగమన్నాను. ఆగమనడం తప్పా?
— ఒక అకౌంటెంట్, నల్లగొండ జిల్లా

సమాధానం: తప్పు కాదమ్మా. ఆగమన్నందుకు మీ యజమాని గారు మీకు ఒక బస్తా సన్నబియ్యం బాకీ పడ్డారు. మెకానిక్ చెప్పిన రెండు మందులూ ఒకే జాతివి. రాత్రంతా కుక్క మొరుగుతోంది, నిద్ర పట్టడం లేదు, కాబట్టి కుక్కను తోలేద్దామన్నాడు. గోడ అవతల ఎవరు నిలబడ్డారో మాత్రం ఎవరూ తొంగి చూడలేదు.

మీరు వచ్చి కుర్చీలో కూర్చోకముందే అకౌంట్ లాక్ అయి ఉంటోందంటే, మీకన్నా ముందు ఎవరో ఆ పేరుతో తప్పుడు పాస్‌వర్డులు కొడుతున్నారు. విండోస్ 11లో 2022 నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్లకు ఒక కాపలా వచ్చింది. పది నిమిషాల్లో పదిసార్లు తప్పు పాస్‌వర్డు పడితే ఆ అకౌంట్‌ను పది నిమిషాలు మూసేస్తుంది. అంతకుముందు దానంతటది ఈ హద్దు ఉండేది కాదు, ఎవరైనా వేలసార్లు కొట్టుకుంటూ పోవచ్చు. మెకానిక్ తీసేస్తానన్నది ఈ కాపలానే. అడ్మిన్ అనే పేరు లోకంలో ప్రతి దొంగా మొదట ప్రయత్నించేది. ఇక మిల్లు పేరు, 123 అంటారా, మీ బియ్యం బస్తా మీద అచ్చు వేసిన పేరును దొంగ ఊహించలేడని నేను అనుకోను. కాపలా తీసేసి ఉంటే ఎన్ని రోజులు పట్టేదో లెక్క వేయాలని కూడా లేదు.

కొట్టేది ఎవరో చూడటం కష్టం కాదు. మీ కంప్యూటర్‌లో స్టార్ట్ నొక్కి ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. ఎడమవైపు విండోస్ లాగ్స్, దాని కింద సెక్యూరిటీ. కుడివైపు ఫిల్టర్ అని ఉన్నచోట 4625 అనే అంకె ఇవ్వండి. ఒక్కో తప్పు ప్రయత్నానికి ఒక్కో వరుస కనిపిస్తుంది. ఒకదాని మీద రెండుసార్లు నొక్కితే ఏ పేరుతో వచ్చారు, ఏ సమయానికి, ఏ చిరునామా నుంచి అన్నీ ఉంటాయి. చిరునామా 192.168తో గానీ, 10తో గానీ, 172.16 నుంచి 172.31 వరకు ఉన్న అంకెలతో గానీ మొదలైతే అది మీ ప్రహరీ లోపలి కంప్యూటరే. ఎవరో పాత పాస్‌వర్డు దాచిపెట్టి ఉండవచ్చు, లేదా ఆ కంప్యూటర్‌కే చీడ పట్టి ఉండవచ్చు. ఇంకేదైనా అంకెలతో మొదలైతే చాలావరకు బయటివాళ్లు. మీరు రాసినదాన్ని బట్టి బయటివాళ్లే అని నా అనుమానం. అర్ధరాత్రి రెండింటికి అడ్మిన్, అడ్మినిస్ట్రేటర్, టెస్ట్, యూజర్ అని పేరు మార్చి పేరు మార్చి కొట్టి ఉంటారు, చూడండి.

అక్కడే ఉండగా ఇంకో అంకె, 4624 కూడా ఇచ్చి చూడండి. ఇది లోపలికి రాగలిగినవాళ్ల చిట్టా. ప్రతిదానిలో లాగాన్ టైప్ అని ఒక అంకె ఉంటుంది. 10 అంటే రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా వచ్చినవాళ్లు. ఆ పదులన్నిటి తేదీ, సమయం కాగితం మీద రాసి యజమాని గారి అబ్బాయికి ఫోను చేసి, "ఇవన్నీ మీరేనా?" అని అడగండి. ఈ పని మాత్రం రేపటికి వాయిదా వేయకండి. ఆ చిట్టాకు మామూలుగా ఇచ్చే చోటు 20 ఎంబీ మాత్రమే, నిండగానే పాతవి చెరిగిపోతాయి. మీ దగ్గర జరుగుతున్న దాడి వేగానికి అది ఎంతో కాలం రాదు. సేవ్ అని ఉన్నచోట నొక్కి పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టుకోండి.

ఒక్క పది అయినా ఆ అబ్బాయిది కాదని తేలితే ఇక నా ఉత్తరం పక్కన పెట్టండి. నెట్‌వర్క్ తీగ పీకేయండి. కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయనివ్వకండి, ఆధారాలన్నీ అందులోనే ఉంటాయి. మిల్లు బ్యాంకు పాస్‌వర్డులు వేరే ఫోను నుంచి మార్చండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయాలి. ఇలాంటి చొరబాటును సంస్థలు 6 గంటల్లోగా కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు కూడా ఉన్నాయి.

ఏదీ దొరకకపోతే ఊపిరి పీల్చుకుని రౌటర్ దగ్గరికి వెళ్లండి. అబ్బాయి కోసం మీ రౌటర్‌లో 3389 అనే ద్వారాన్ని నేరుగా మీ కంప్యూటర్ వైపు తెరిచిపెట్టి ఉంటారు. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు. "మా మిల్లు ఎవరికి తెలుసు, ఎక్కడో మిర్యాలగూడలో" అని యజమాని గారు అంటారు, నాకు వినిపిస్తోంది. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జీమ్యాప్ అనే పరికరాన్ని రాశారు. మామూలు కంప్యూటర్ ఒకటి, వేగమైన ఇంటర్నెట్ ఉంటే, ఇంటర్నెట్‌లోని పాతకాలం (ఐపీవీ4) చిరునామాలన్నిటినీ, అంటే సుమారు 430 కోట్ల తలుపులను, ముప్పావు గంటలోపు తట్టి ఏది తెరిచి ఉందో చూడవచ్చని నిరూపించారు. ఇది జరిగి పదేళ్లు దాటింది. తట్టేవాడికి మిర్యాలగూడ ఎక్కడుందో తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. తెరిచి ఉన్న తలుపు కనిపిస్తే చాలు.

ఆ ఫార్వర్డింగ్ తీసేయండి. 3389 బదులు ఇంకో అంకె పెడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ముందు తలుపు మూసి పెరటి తలుపు తెరవడం అది. బయటి నుంచి రావాల్సిందే అంటే రౌటర్‌లో వీపీఎన్, అంటే అనుమతి ఉన్నవాళ్లే రాగలిగే రహస్య దారి, పెట్టించి, ముందు దాన్ని దాటాకే డెస్క్‌టాప్ కనబడేలా చేయించండి. అయితే ఒక చిన్న మాట. ఆ అబ్బాయి రోజూ చూసేది నిజంగా ఏమిటో అడిగారా? వచ్చిన ధాన్యం, పోయిన బియ్యం, నూక, తవుడు, చేతిలో నగదు. ఇదే అయితే సాయంత్రం ఒక పేజీ పీడీఎఫ్ పంపిస్తే సరిపోతుంది. నేను చూసిన చిన్న ఆఫీసుల్లో సగానికి రిమోట్ డెస్క్‌టాప్ అవసరం లేదు, సరదా ఉంది.

ఇప్పుడు ఒకే పాస్‌వర్డు సంగతి. ఇక్కడ కొంచెం ఓపిక పట్టి చదవండి, ఎందుకంటే అసలు రోగం ఇదే.

విండోస్ మీ పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచుకోదు. దాన్ని ఒక లెక్కలో వేసి, వచ్చిన పొడవాటి వరుసను దాచుకుంటుంది. దాన్ని హ్యాష్ అంటారు. వడ్లు మరలో పోస్తే బియ్యం వస్తాయి గానీ బియ్యం పోస్తే వడ్లు రావు కదా, అలాంటి లెక్క. కాబట్టి హ్యాష్ దొరికినా పాస్‌వర్డు దొరకదు, భయం లేదు అనిపిస్తుంది. కానీ విండోస్ వాడే ఈ లెక్క పాతది. ఒకే పాస్‌వర్డును ఏ కంప్యూటర్‌లో వేసినా అదే హ్యాష్ వస్తుంది. కంప్యూటర్‌కొక చిటికెడు తేడా కలిపితే ఇలా జరగదు. ఆ చిటికెడును మా వృత్తిలో ఉప్పు అంటాం. ఇది ఉప్పు వేయని వంట. పైగా నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్ తలుపు తట్టేటప్పుడు పాస్‌వర్డుతో పని లేదు, హ్యాష్ చేతిలో ఉంటే చాలు. ఈ కిటుకు 1997లోనే బయటపడింది. మీ ఏడు కంప్యూటర్లలో ఏ ఒక్కదానిలోనైనా పెత్తనం దొరికినవాడికి మిగతా ఆరింటి తాళంచెవీ అందులోనే దొరుకుతుంది. దేన్నీ పగలగొట్టాల్సిన పని లేదు.

మెకానిక్‌ను నేను తిట్టడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మహబూబ్‌నగర్‌లో ఒక కళాశాల ల్యాబుకు ముప్పై కంప్యూటర్లు అమర్చాను. ఒకటి సిద్ధం చేసి, మిగతా ఇరవై తొమ్మిదింటికీ దాని నకలు ఎక్కించాను. పాస్‌వర్డు అన్నిటికీ ఒకటే. ఒక్క రోజులో పని ముగించానని నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను. వారం తిరిగేసరికి ముప్పై తెరల మీదా ల్యాబు అసిస్టెంటు బొమ్మకు మీసాలు దిద్ది ఉన్నాయి. చేసిన కుర్రాడిని పిలిచి ఏ సాఫ్ట్‌వేర్ వాడావని అడిగాను. "సార్, మొదటి కంప్యూటర్ దగ్గర మీరు టైప్ చేస్తుంటే మీ వేళ్లు చూశాను" అన్నాడు. వాడు మీసాలతో ఆగాడు కాబట్టి ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను.

పెద్ద సంస్థలకు దీనికి లాప్స్ అనే ఏర్పాటు ఉంది, 2023 ఏప్రిల్ నుంచి విండోస్‌లోనే భాగంగా వస్తోంది. ప్రతి కంప్యూటర్‌కూ వేరే పాస్‌వర్డు అదే పెట్టి అదే మారుస్తుంది. కానీ దానికి డొమైన్ సర్వర్ లాంటివి కావాలి. ఏడు కంప్యూటర్ల మిల్లుకు అంత ఆర్భాటం అనవసరం. ఒక నోటు పుస్తకం కొనండి. ఏడు కంప్యూటర్ల అడ్మిన్ అకౌంట్లకు ఏడు వేర్వేరు పాస్‌వర్డులు పెట్టి, అందులో రాసి, కవరులో పెట్టి, అతికించిన చోట సంతకం చేసి ఇనప్పెట్టెలో దాచండి. కాగితం మీద రాయకూడదని చెప్పేవాళ్లు చెబుతారు. ఆ నియమం తెర అంచున అతికించిన చీటీ గురించి. ఇనప్పెట్టెలోకి విదేశాల నుంచి ఎవడూ చేయి పెట్టలేడు. పాస్‌వర్డు పొడవుగా ఉండాలి, అంతే. పొంతన లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా కొట్టండి: గుమ్మడి, లాంతరు, నిచ్చెన, పావురం లాంటివి. ఇక్కడ అచ్చయినవి మాత్రం వద్దు. నెలనెలా మార్చాలన్న పాత నియమం కూడా మరిచిపోండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే దాన్ని వదిలేసింది. మార్చమని వేధిస్తే మనుషులు 123ను 124 చేస్తారు, అంతకుమించి ఏమీ జరగదు.

రోజువారీ పనికి ఎవరూ అడ్మిన్‌గా కూర్చోకూడదు. ఎవరి పేరుతో వాళ్లకు మామూలు అకౌంట్ ఇవ్వండి, మీకు కూడా. సాఫ్ట్‌వేర్ ఎక్కించాల్సి వచ్చినప్పుడే ఇనప్పెట్టె తెరవండి.

కొత్త కంప్యూటర్‌లో ఫోల్డర్ రాకపోవడానికి కారణం కూడా ఇక్కడికే చేరుతుంది. అది బహుశా విండోస్ 11లో 24హెచ్2 కూర్పు, 2024 అక్టోబరులో విడుదలైంది. అప్పటి నుంచి రెండు విషయాల్లో అది మొండికేస్తుంది. ఒకటి, పాస్‌వర్డు లేని ఫోల్డర్‌లోకి అతిథిగా వెళ్లనంటుంది. రెండు, నెట్‌వర్క్‌లో అటూ ఇటూ పోయే ప్రతి మాట మీదా సంతకం ఉండాలంటుంది. మీరు పంపిన ఖాతా దారిలో ఎవరూ దిద్దలేదని అవతలి కంప్యూటర్ ఆ సంతకాన్ని బట్టే పోల్చుకుంటుంది. ఆ సంతకానికి కావాల్సిన సిరా మీ పాస్‌వర్డు నుంచే తయారవుతుంది. అతిథికి పాస్‌వర్డు లేదు, కాబట్టి సిరా లేదు, కాబట్టి సంతకం లేదు. మెకానిక్ ఆపేస్తానన్న సెక్యూరిటీ ఇదే. ఆపితే ఫోల్డర్ తెరుచుకుంటుంది, నిజమే. దారిలో అంకె మారినా ఎవరికీ తెలియకపోవడం కూడా అంతే నిజం.

మందు అవతలి వైపు వేయాలి, అంటే మీ కంప్యూటర్‌లో. అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. ఫోల్డర్ అనుమతుల్లో ఎవ్రీవన్ అనే పేరు తీసేసి, మీ కంప్యూటర్‌లో ఒక్కొక్కరికీ తెరిచిన అకౌంట్ పేర్లు చేర్చండి. రాయాల్సినవాళ్లకు రాసే అనుమతి, చూస్తే చాలినవాళ్లకు చూసే అనుమతి. కొత్త కంప్యూటర్ నుంచి ఒకసారి పేరు, పాస్‌వర్డు ఇస్తే గుర్తుంచుకుంటుంది, మొండితనం దానంతటదే పోతుంది. ఈ మార్పు జరిగిన మొదటి రోజు అందరూ మిమ్మల్ని తిట్టుకుంటారు. రెండో రోజుకు మరిచిపోతారు.

యజమాని గారిని ఒప్పించడానికి కంప్యూటర్ మాటలు వాడకండి. కాటా దగ్గరికి తీసుకెళ్లండి. తూనికలు కొలతల శాఖవాళ్లు ఏటా వచ్చి పరీక్షించి వేసే ముద్ర ఉంటుంది కదా. దాని మీద ఎవరైనా వేలు పెడితే ఆయన ఊరుకుంటారా? రైతు ముందు, లారీ డ్రైవర్ ముందు, అధికారి ముందు ఆయన మాట నిలబడేది ఆ ముద్ర వల్లే. ఆ కాటా చెప్పిన తూకం పది అడుగుల దూరంలో ఉన్న నా ఫోల్డర్‌లోకి వచ్చేసరికి, ఆఫీసులోకి వచ్చి వైఫై అడిగిన ఎవరైనా దాన్ని దిద్దవచ్చండీ అని చెప్పండి. సర్కారు ధాన్యం మరపట్టి బియ్యం లెక్క అప్పజెప్పే మిల్లు అయితే ఈ ఒక్క మాట చాలు. అన్నట్టు, వచ్చిపోయేవాళ్లకు ఇచ్చే వైఫై వేరుగా పెట్టండి. గెస్ట్ నెట్‌వర్క్ అని చాలా రౌటర్లలో ఉంటుంది.

మిగిలింది కాటా గది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మరమ్మతులు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై అనే చీడ ప్రపంచమంతా చుట్టినప్పుడు ఎక్కువగా పడిపోయినవి విండోస్ 7 కంప్యూటర్లే. దాన్ని ఆపే మరమ్మతు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది, వేసుకున్నవాళ్లు తక్కువ. 2019 మేలో ఇంకోటి బయటపడింది, దానికి బ్లూకీప్ అని పేరు పెట్టారు. రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి ఉంటే పాస్‌వర్డు అడిగే ఘట్టం కూడా రాకుండానే లోపలికి దూరగలిగే లోపం అది. మీ కాటా కంప్యూటర్‌కు ఈ రెండు మరమ్మతులూ పడ్డాయో లేదో మెకానిక్ చేత చూపించుకోండి, అతనికి అసలైన పని అది. తప్పు పాస్‌వర్డు పదిసార్లు కొడితే లాక్ పడే కాపలా కూడా ఆ పాతదానికి దానంతటది లేదు. చేత్తో పెట్టించాలి, లోకల్ సెక్యూరిటీ పాలసీలో ఉంటుంది.

తూకం సాఫ్ట్‌వేర్ ఇంకో విండోస్‌లో నడవదంటే, ముందు ఆ కంపెనీకి ఫోను చేసి కొత్త కూర్పు ఉందేమో అడగండి. "నడవదట" అన్నారు మీరు. ఆ అట ఎవరిదో తెలుసుకోవాలి. నిజంగానే లేకపోతే ఆ కంప్యూటర్‌ను మడి కట్టుకున్నట్టు ఉంచాలి. అందులో ఇంటర్నెట్ ఉండకూడదు. సులువైన పద్ధతి ఒకటి చెబుతాను. దాని నెట్‌వర్క్ చిరునామాను చేత్తో ఇచ్చి, డిఫాల్ట్ గేట్‌వే అని ఉన్న గడిని ఖాళీగా వదిలేయండి. అప్పుడు అదే నెట్‌వర్క్‌లోని మీ కంప్యూటర్‌తో మాట్లాడుతుంది, బయటి లోకానికి దారి తెలియదు. దాని లోపల ఏ ఫోల్డరూ షేర్ చేయకండి. తూకాలు అది మీ దగ్గరికి పంపాలి గానీ ఇతరులు దాని దగ్గరికి వెళ్లకూడదు. మీ కంప్యూటర్‌లో తూకాలకని ఒక ఫోల్డర్ పెట్టి, కాటా పేరుతో ఒక అకౌంట్ తెరిచి, ఆ ఒక్క ఫోల్డర్‌లో రాసే అనుమతి మాత్రమే ఇవ్వండి. రాత్రి పూట కాటా కుర్రాళ్లు దాని మీద సినిమాలు చూస్తుంటే కొన్నాళ్లు మీ మీద అలుగుతారు.

పెన్ డ్రైవ్‌ల విషయంలో ఆ గదికి ఒక్కటే కేటాయించండి, పాటలు ఎక్కించుకునేది వద్దు. ఫోల్డర్లు పంచుకోవడానికి కంప్యూటర్లు వాడే ఎస్ఎంబీ ఒకటో కూర్పు అనే పాత భాష ఏ కంప్యూటర్‌లోనైనా ఆన్‌లో ఉంటే ఆపించండి. విండోస్ 7కు కూడా కొత్త భాష వచ్చు, కాబట్టి ఏ పనీ ఆగదు.

ఇదంతా యాసంగి ధాన్యం లారీలు గేటు బయట బారులు తీరిన రోజు మొదలుపెట్టకండి. లారీలు రాని ఆదివారం చూసుకోండి. ముందు ఖాతాల ఫోల్డర్ మొత్తం ఒక హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, తీగ పీకి బీరువాలో పెట్టండి. ఆ తర్వాత పాస్‌వర్డులు, ఫోల్డర్ అనుమతులు, చివరికి కాటా గది, ఈ వరుసలో చేయండి. రౌటర్‌లో ఆ ద్వారం మూయడానికి మాత్రం ఆదివారం దాకా ఆగాల్సిన పని లేదు, ఈ సాయంత్రమే చేయవచ్చు. రౌటర్ పాస్‌వర్డు ఎవరికీ గుర్తు లేదంటే దాన్ని తిరగేసి అడుగున స్టిక్కర్ చూడండి, చాలావరకు అక్కడే ఉంటుంది. దానితో లోపలికి వెళ్లగలిగితే, బయటికి వచ్చే ముందు దాన్ని కూడా మార్చి ఇనప్పెట్టె పుస్తకంలో ఎనిమిదో వరుసగా రాయండి.